గొడవ తీర్చే లెక్కకే డబ్బులు

నేను చేసిన టూల్స్‌లో ఎక్కువమంది వాడేదాని మీద నాకు రాబడి దాదాపు సున్నా. తక్కువమంది వాడేది మాత్రం మా ఇంటి కరెంటు బిల్లు, పిల్లోడి స్కూలు వ్యాన్ ఫీజు కట్టి, ఇంకాస్త మిగులుస్తోంది. రెండూ ఒకే ల్యాప్‌టాప్ మీద, తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె పైన గదిలో కూర్చుని రాసినవే. నిజానికి మొదటిదానికే ఎక్కువ బుర్ర పెట్టాల్సి వచ్చింది. సొంతంగా చిన్న చిన్న వెబ్ టూల్స్ చేసి అమ్ముకుందామనుకునే మన వైపు పిల్లలు అప్పుడప్పుడూ మెసేజ్ పెడుతుంటారు, "అక్కా, ఏదైనా ఐడియా చెప్పు" అని. ఐడియాలు నా దగ్గర లేవు. ఈ రెండింటికీ తేడా ఎక్కడొచ్చిందో మాత్రం చెప్పగలను.

మొదటిది 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను, ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే టూల్. తిరుపతిలో ఏ డీటీపీ షాపుకెళ్లినా పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు ఇంకా అను ఫాంట్లలో కొట్టేవాళ్లు కనిపిస్తారు. కొన్నిచోట్ల పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకరే నడుస్తోంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాన్ని చేసిన అడోబీ కంపెనీ ఆ తర్వాత ఇన్‌డిజైన్ అనే కొత్తదాని వైపు వెళ్లిపోయింది గానీ మనవాళ్లు వెళ్లలేదు. ఎందుకు వెళ్తారు? వేళ్లకు ఆ కీబోర్డు అలవాటైంది, పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, పెళ్లి పత్రిక మీద ఆ ముద్దుముద్దు అక్షరాలే అడుగుతారు జనం. చాదస్తం అని నవ్వేవాళ్లు ఒక్కరోజు ఆ సీట్లో కూర్చుని, ముహూర్తం సీజన్లో నలభై పత్రికలు కొట్టి చూడాలి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే వాట్సాప్‌లో. పత్రిక అచ్చయ్యాక "ఆ మ్యాటర్ నాకు ఫోన్లో పెట్టన్నా" అంటారు పెళ్లివాళ్లు. అను ఫాంట్‌లో కొట్టింది కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చి గీతలు వస్తాయి. ఎందుకంటే అలాంటి పాత ఫాంట్లు తెలుగును తెలుగుగా దాచవు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను, అంటే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులను బొమ్మలుగా కూర్చిపెడతాయి. ఫాంట్ ఉన్న కంప్యూటర్లో అది తెలుగు, లేనిచోట చెత్త. యూనికోడ్‌లో అలా కాదు. తెలుగుకు 0C00 నుంచి 0C7F దాకా 128 స్థానాల గది ఉంది, అక్షరం శబ్దం వరసలో దాచిపెడతారు, బొమ్మ గీసే పని ఫాంట్‌ది. "లక్ష్మి" అని రాస్తే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, ఈ వరసలోనే ఉంటుంది. అనులో అదే మాట కంటికి కనిపించే ముక్కల వరసలో ఉంటుంది. కాబట్టి ఒక్కో గుర్తుకు ఒక్కో అక్షరం పెట్టుకుంటూ పోతే కుదరదు. ముక్కలన్నీ ఏరి, ఏ ఒత్తు ఏ హల్లుదో తేల్చి, మళ్లీ సరైన వరసలో పేర్చాలి. మన పెళ్లి పత్రికలో లక్ష్మి లేని పేజీ ఉండదు కదా, దాంతోనే పరీక్ష మొదలయ్యేది.

ఇలాంటివి అప్పటికే కొన్ని ఉన్నాయి. నేను చేసింది పెళ్లి పత్రికల కోసం ప్రత్యేకంగా. "చి.ల.సౌ." లాంటి పొట్టి మాటల చుక్కలు చెదరకుండా, తేదీలు, ఫోన్ నంబర్లు తెలుగు ముక్కల్లో కలిసిపోకుండా. పేస్ట్ చెయ్యి, బటన్ నొక్కు, కాపీ చేసుకో. అంతే. సర్వర్ అనేది లేదు, మొత్తం పని వాడేవాళ్ల బ్రౌజర్లోనే జరుగుతుంది. అందుకే దాన్ని ఉంచడానికి నాకయ్యేది ఏడాదికోసారి డొమైన్ పేరుకు కట్టేది తప్ప ఏమీ లేదు. ఉచితంగా పేజీలు పెట్టుకోనిచ్చే చోట పెట్టేశాను.

వాడారు. బాగా వాడారు. తిలక్ రోడ్డులో షాపుల నుంచి గుంటూరు, వరంగల్ దాకా వెళ్లింది. "దేవుడిలా ఆదుకున్నారు మేడమ్" అని మెసేజీలు. పేజీ అడుగున ఒక క్యూఆర్ కోడ్ పెట్టి, ఇష్టమైతే టీ డబ్బులు పంపండి అని రాశాను. టీ డబ్బులే వచ్చాయి. నెలకు ఇంత అని పెడితే ఎలా ఉంటుందని బాగా తెలిసిన ఒక డీటీపీ అన్నను అడిగాను. ఆయన దాచుకోకుండా చెప్పాడు: "పాపా, ఇది లేకపోతే పిల్లోడు పది నిమిషాలు కూర్చుని మళ్లీ టైప్ చేస్తాడు. ఆ పది నిమిషాలకు నేనేమీ వాడికి ఎక్కువ ఇవ్వను కదా."

సమయం మిగులుతుంది కాబట్టి డబ్బులిస్తారు అని అన్నిచోట్లా చదువుతుంటాం. నెలజీతం మీద మనుషులున్న చోట, పది నిమిషాలు మిగిలితే యజమానికి మిగిలేది ఏమీ ఉండదు. అమెరికాలో గంటకు ఇంత అని లెక్కగట్టే చోట ఆ సూత్రం నిజమై ఉండొచ్చు. గాంధీ రోడ్డులో అది చెల్లదు.

రెండోది పాల బిల్లు. ఇది నా ఐడియా కాదు, మా మేనమామ గోల.

మామది ఐరాల మండలంలో ఒక పల్లె. పాల కేంద్రం నడుపుతాడు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా ఊళ్లోవాళ్లు పాలు పోస్తారు. మిషన్ ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా గట్టి పదార్థం) చూపిస్తుంది, ఆ రెండింటినీ బట్టి డెయిరీ ఇచ్చిన చార్టులో లీటరు రేటు చూసి నోటు పుస్తకంలో రాస్తాడు. పదిహేను రోజులకోసారి బిల్లు. దాణా బాకీ, అడ్వాన్సు బాకీ పట్టుకుని మిగతాది చేతికి ఇస్తాడు. బిల్లు రోజు కేంద్రం ముందర ఎప్పుడూ పంచాయితీయే. నేను సెలవులకు పోయినప్పుడల్లా ఆ అరుపులు వినేదాన్ని. మామ క్యాలిక్యులేటర్ పట్టుకుని, "నేను తిన్నానా నీ డబ్బులు? చూడు, నువ్వే కూడు!" అనేవాడు. కూడితే ఇద్దరికీ వేరువేరు మొత్తాలు వచ్చేవి. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

కూర్చుని ఆ పుస్తకం తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. మిషన్ 3.47 అని చూపిస్తుంది. చార్టులో ఉండేది 3.4, తర్వాత 3.5. మధ్యలో ఏమీ లేదు. పాలు పోసినామె 3.5 అని గుర్తుపెట్టుకుంటుంది, మామ 3.4 కింద రాస్తాడు. ఆమె 6.4 లీటర్లు పోసిందనుకోండి. 3.4కు రేటు 34.20 అయితే 218.88 వస్తుంది, 3.5కు 34.60 అయితే 221.44. తేడా రెండున్నర రూపాయలు. పూటకు అంతే. పదిహేను రోజులంటే ముప్పై పూటలు, 76 రూపాయల 80 పైసలు. అప్పుడది పైసల మాట కాదు.

దీనికంటే పెద్దది ఇంకోటుంది. కాటా చూపించేది కిలోలు. రేటు లీటరుకు. పాలు నీళ్లకంటే బరువు, లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. కాటా మీద 6.4 అని కనిపిస్తే అది 6.21 లీటర్లే. పై రేటు ప్రకారం 218.88 కాదు, 212.38. పూటకు ఆరున్నర రూపాయల తేడా. కొన్ని కేంద్రాల్లో భాగించి లీటర్లు రాస్తారు, కొన్నిచోట్ల కిలోనే లీటరు అనుకుని రాసి రేటు కొంచెం తగ్గిస్తారు. రెండింట్లో ఏదైనా ఫర్వాలేదు గానీ, పోసేవాళ్లకు ఎవరూ చెప్పరు. వాళ్లు కాటా మీద ఎర్ర అంకెలు చూస్తారు, పుస్తకంలో తక్కువ అంకె చూస్తారు. దొంగ అనుకోరా?

సాయంత్రం పాల సంగతి మరొకటి. సాయంత్రం పాలకు మామూలుగా వెన్న ఎక్కువ, పాలు తక్కువ. పొద్దున పితికిన తర్వాత సాయంత్రానికి ఉండే గడువు తక్కువ, రాత్రంతా ఉండే గడువు ఎక్కువ. గడువు తగ్గితే పాలు తగ్గి వెన్న శాతం పెరుగుతుంది. పాడి చేసేవాళ్లకు ఇది తెలియక కాదు. పుస్తకంలో రెండు పూటలూ ఒకే వరసలో కిందకీ మీదకీ ఊగుతుంటే "నీ మిషన్ సరిగ్గా లేదు, రోజుకో మాట చెబుతుంది" అనిపిస్తుంది. పొద్దున ఒక నిలువు వరస, సాయంత్రం ఇంకో నిలువు వరస పెట్టి స్లిప్ ఇచ్చిన తర్వాత మిషన్ మీద ఫిర్యాదులు చాలా తగ్గాయి. నేను మిషన్ను ముట్టుకోలేదు.

కాబట్టి నా టూల్ చేసేది చాలా చిన్న పని. లెక్క చేస్తుంది, ఆ చేసిన తీరు మొత్తం స్లిప్ మీద చూపిస్తుంది. కాటా 6.40 కిలోలు, లీటర్లు 6.21. మిషన్ 3.47, చార్టు 3.4. రేటు ఇంత, మొత్తం ఇంత. మొదట్లో మామ అడ్డం తిరిగాడు. "అదంతా ఎందుకు పాపా చూపించేది? లేని అనుమానం పుట్టించేదానికా?" అన్నాడు. ఆ చూపించేదే నేను అమ్మే సరుకని ఆయనకు అర్థమయ్యేసరికి రెండు బిల్లులు పట్టింది. రెండో బిల్లు రోజు ఒక పెద్దాయన స్లిప్ తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మామ ఆశ్చర్యంగా నా వైపు చూశాడు. ఆ పెద్దాయన ప్రతిసారీ కనీసం గంట అరిచేవాడట.

లోపల కోడ్ గురించి రెండు మాటలు. ప్రోగ్రామింగ్ తెలియనివాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. జావాస్క్రిప్ట్‌లో డబ్బు లెక్కలు దశాంశాలతో పెట్టుకోకండి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందన్నది అందరికీ తెలిసిన జోకే. అంతకంటే ప్రమాదం 1.005ను టూఫిక్స్‌డ్‌తో రెండు అంకెలకు కుదిస్తే 1.01 రాదు, 1.00 వస్తుంది. పైసా తేడాకు బిల్లు చింపేసే ఊళ్లో అది చాలు కొంప ముంచడానికి. అన్నీ పూర్ణాంకాలుగా దాచాను: డబ్బు పైసల్లో, బరువు గ్రాముల్లో, ఫ్యాట్ నూరో వంతుల్లో. కుదింపు ఒక్కచోటే, పూట మొత్తం దగ్గర జరుగుతుంది. బిల్లు మొత్తం అంటే ఆ కుదించిన పూటల కూడికే. లేకపోతే స్లిప్ మీద ఉన్న వరసలు చేత్తో కూడినవాళ్లకు వేరే మొత్తం వస్తుంది, మళ్లీ పంచాయితీ మొదటికొస్తుంది.

పేర్లు ఇంకో తమాషా. మామ దగ్గర పాలు పోసేవాళ్లలో ముగ్గురు మునెమ్మలున్నారు, ఇద్దరు మునిరత్నాలు. చిత్తూరు వైపు పేర్లు తెలిసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. ఇంటిపేరు పెడితే ఆ ముగ్గురిలో ఇద్దరిది ఒకటే. అందుకే మనిషికి నంబరే పేరు, కేంద్రంలోనూ "పదిహేడు" అనే పిలుస్తారు. నేను మొదట పేరుతో వెతికే పెట్టె పెద్దగా, అందంగా పెట్టాను. ఎవరూ ముట్టలేదు. ఇప్పుడు తెరిస్తే పెద్ద పెద్ద అంకెల మీటలు వస్తాయి, పాల తడి చేత్తో కూడా నొక్కేంత పెద్దవి.

స్లిప్ అచ్చు వేయడం అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. బస్సు కండక్టర్ల దగ్గర ఉండేలాంటి చిన్న బ్లూటూత్ థర్మల్ ప్రింటర్, కాగితం వెడల్పు 58 మిల్లీమీటర్లు. అందులో అచ్చయ్యేది 48, అంటే అడ్డంగా 384 చుక్కలు. ఇంగ్లిష్ అయితే అక్షరాలు పంపితే చాలు, ప్రింటర్లోనే ఫాంట్ ఉంటుంది. తెలుగు దానికి తెలియదు. కాబట్టి స్లిప్ మొత్తం ముందు బ్రౌజర్లో బొమ్మగా గీసి, ఆ బొమ్మను నలుపు, తెలుపు చుక్కలుగా మార్చి పంపాలి. గీసినప్పుడు అక్షరం అంచుల్లో బూడిదరంగు ఉంటుంది. దాన్ని నలుపు చేస్తే ఒత్తులు ముద్దకట్టుకుపోతాయి, తెలుపు చేస్తే సన్నటి తలకట్లు మాయమవుతాయి. "కృష్ణ" చదవగలిగేలా రావడానికి లావు అక్షరాలు, ఇంగ్లిష్‌కు కావాల్సినదానికంటే చాలా ఎక్కువ వరస ఎత్తు ఇవ్వాల్సి వచ్చింది. ఒత్తు కింద వరస నెత్తిన కూర్చుంటుంది మరి. చివరికి నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్ లావు రకం దగ్గర ఆగాను.

బ్రౌజర్ నుంచి ప్రింటర్‌కు పంపడం ఇంకో కథ. పేజీ నుంచి నేరుగా బ్లూటూత్ పరికరాలతో మాట్లాడేందుకు క్రోమ్‌లో వెబ్ బ్లూటూత్ అని ఉంది గానీ అది తక్కువ విద్యుత్తు వాడే కొత్త రకం బ్లూటూత్‌తోనే మాట్లాడుతుంది. మార్కెట్లో దొరికే చౌక ప్రింటర్లు చాలావరకు పాత రకం. మధ్యలో రాబీటీ అనే ఆండ్రాయిడ్ యాప్ ఒకటి పెట్టుకుంటే, పేజీ దానికి ఇస్తుంది, అది ప్రింటర్‌కు ఇస్తుంది. ఇదేం పద్ధతి అని ఇంజినీర్లు ముక్కు విరుస్తారు. పనిచేస్తుంది, నాకది చాలు.

సిగ్నల్ లేకపోయినా నడవాలి కాబట్టి డేటా అంతా ఫోన్లోనే, బ్రౌజర్ లోపలి నిల్వలో ఉంటుంది. ఇక్కడ భయం ఏమిటంటే ఇంట్లో ఎవరో ఒక పిల్లోడు "మెమరీ ఫుల్ అయింది" అని సైట్ల డేటా మొత్తం తుడిచేస్తాడు. అందుకని సాయంత్రం పూట ముగియగానే ఆ రోజు ఫైలు వాట్సాప్‌లో తమకు తామే పంపుకునే బటన్ పెట్టాను. దాన్ని ప్రోగ్రాములు డేటా దాచుకునే జేసన్ రకం ఫైలుగా పంపబోతే క్రోమ్ షేర్ ఒప్పుకోదు, ఆ రకం దాని జాబితాలో లేదు. పేరు చివర టీఎక్స్‌టీ అని పెట్టి మామూలు టెక్స్ట్ ఫైలుగా పంపితే పోతుంది. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు ఒక ఆదివారం మిగిలేది.

ఇక లాంచ్ అంటారు కదా. ఫాంట్ టూల్‌ను, కొత్త టూల్స్‌ను పరిచయం చేసి ఓట్లు వేయించుకునే ప్రొడక్ట్ హంట్ అనే సైట్‌లో పెట్టాను. అక్కడ రోజు అమెరికా పడమటి తీరం గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటాక 12:01కి మొదలవుతుంది, వాళ్ల వేసవి వేళల్లో మనకు మధ్యాహ్నం 12:31. సరిగ్గా అన్నం వేళ. ఒక చేత్తో పులుసన్నం, ఇంకో చేత్తో రిఫ్రెష్. ఓట్లు కొన్ని వచ్చాయి, తెలుగు తెలియనివాళ్లు "గ్రేట్ జాబ్" అన్నారు. తప్పుబట్టడం లేదు, డెవలపర్ల కోసం ఏదైనా చేసేవాళ్లకు అది మంచి చోటే. పాల కేంద్రాలవాళ్లు ఆ వేళకు నిద్రపోతుంటారు, తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాళ్లు.

పాల బిల్లుకు లాంచ్ స్లిప్పే. స్లిప్ అడుగున ఒక చిన్న వరసలో పేజీ చిరునామా ఉంటుంది. మామ దగ్గర పాలు పోసే ఒకామె కూతురి అత్తగారిది పూతలపట్టు దగ్గర ఊరు. ఆ స్లిప్ అక్కడికి పోయింది. "మాకూ ఇట్లా కాగితం ఇయ్యి, మా వియ్యంకుల ఊళ్లో ఇస్తా ఉండారు" అని అక్కడి కేంద్రం ఆయన్ను నిలదీశారట. ఆయన తిట్టుకుంటూనే నాకు ఫోన్ చేశాడు. ఇప్పటికీ ఎక్కువ కేంద్రాలు ఇలాగే వస్తున్నాయి. డబ్బు కట్టేది కేంద్రం, అడిగేది పాలు పోసేవాళ్లు. అడిగేవాళ్ల చేతికి ప్రతి బిల్లుకూ చేరే కాగితం కంటే మంచి ప్రకటన నాకు తోచలేదు.

ప్లే స్టోర్‌లో ఉందా అని అడుగుతారు. లేదు. అక్కడ ఖాతా తెరవడానికి కట్టే 25 డాలర్లు పెద్ద అడ్డంకి కాదు గానీ, 2023 నవంబర్ తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు అందరికీ విడుదల చేసే ముందు కొంతమంది పరీక్షకులు వరసగా 14 రోజులు వాడాలని నియమం వచ్చింది. మొదట 20 మంది అన్నారు, తర్వాత 12కు దించారు. నా వాడుకదారులు రోజుకు రెండు పూటలా పరీక్షిస్తూనే ఉన్నారు, అది వేరే సంగతి. హోమ్ స్క్రీన్ మీద గుర్తు పెట్టుకుంటే వాళ్లకది యాప్‌లాగే కనిపిస్తుంది.

ధర ఏడాదికి 1,200 రూపాయలు. నెలకు వంద అని పెట్టి ఆటోపే అడుగుదామని మొదట ఉండేది. నెలనెలా ఖాతాలోంచి దానంతటది పోతుందంటే పల్లెలో ఒప్పుకోరు, నేనైనా ఒప్పుకోను. నేరుగా యూపీఐ చేస్తారు, 2020 జనవరి నుంచి వ్యాపారులకు దాని మీద ఎండీఆర్, అంటే డబ్బు అందుకున్నందుకు వ్యాపారి దగ్గర పట్టుకునే ఛార్జీ, లేదు. మధ్యలో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే కంపెనీని పెడితే మామూలుగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ప్రతి 1,200 మీద 28 రూపాయల పైచిలుకు. వచ్చే డబ్బు సరిచూసుకునే పని నేనే చేసుకుంటే ఆ ఖర్చు లేదు. ఇలా ఎన్ని కేంద్రాల వరకు కుదురుతుందో చూడాలి. ప్రస్తుతానికి యాభై లోపే కాబట్టి నోటు పుస్తకం చాలు. అవును, పాల పుస్తకం వద్దని అందరికీ చెప్పే నేను నా చందాలు నోటు పుస్తకంలో రాసుకుంటాను. డబ్బు మాత్రం బిల్లు ఇచ్చిన మర్నాడే అడుగుతాను. ఆ రోజు కేంద్రం ఆయన చేతిలో డబ్బులుంటాయి, గొడవ జరగలేదన్న సంతోషమూ ఉంటుంది.

పాట్రిక్ మెకెంజీ అనే ఆయన జపాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ 2006లో అమెరికా టీచర్ల కోసం బింగో కార్డులు తయారుచేసే చిన్న సాఫ్ట్‌వేర్ అమ్మిన సంగతి ఈ రంగంలో చాలామందికి తెలుసు. మామూలుగా దాన్ని "చిన్న ఐడియా చాలు" అని చెప్పడానికి వాడతారు. నాకు అందులో కనిపించేది వేరు. రేపు పొద్దున క్లాసుకు ముప్పై మంది పిల్లలుంటారు, కార్డులు లేకపోతే క్లాసు అల్లరవుతుంది. ఆ టీచర్ కొనేది కార్డులు కాదు, రేపటి క్లాసు. మా పాల కేంద్రాలవాళ్లు కొనేది కూడా గొడవ లేని బిల్లు రోజును. డీటీపీ అన్నకు నేను అమ్మబోయింది పది నిమిషాలు, అవి ఆయన దగ్గర ముందే ఉన్నాయి.

అయితే గొడవ ఉన్న ప్రతిచోటా టూల్ అమ్ముడుపోతుందని కూడా కాదు. పోయిన ఏడాది మామిడి సీజన్లో ఒక రైతన్న అడిగాడు, తోతాపురి కాయకు కూడా ఇలాంటి స్లిప్ టూల్ చెయ్యమని. 2025 గుర్తుంది కదా, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అన్నారు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. రైతు దగ్గర కాటా చీటీలు జాగ్రత్తగా ఉండటం ఎంత అవసరమో అప్పుడు అందరికీ తెలిసింది. నేను కొన్ని రోజులు ఆ చుట్టూ తిరిగి చూసి వద్దన్నాను. పాల దగ్గర తగాదా లెక్క మీద: కిలోనా లీటరా, 3.4నా 3.5నా. చూపిస్తే తీరుతుంది. మామిడి దగ్గర తగాదా తరుగు ఎంత కొట్టాలన్నదాని మీద, కాయ ఎప్పుడు దించుకుంటారన్నదాని మీద, ఈరోజు రేటు ఎవరు చెబుతారన్నదాని మీద. అక్కడ అందరికీ లెక్క బాగానే వచ్చు. బలం ఎవరిదో వాళ్ల మాట చెల్లుతుంది. దాన్ని నా స్లిప్ చక్కగా అచ్చు వేసి చూపించగలదు, మార్చలేదు. పైగా డబ్బు కట్టాల్సినవాడే ఆ స్లిప్ వద్దనేవాడు.

చీటీలను ఫొటో తీసి దాచుకునేది మాత్రం ఉచితంగా చేసిద్దామా అని ఇంకా ఆలోచిస్తున్నాను. ఏడాదికి రెండు నెలలు నడిచేదానికి చందా ఎలాగూ కుదరదు. చేస్తే ఫాంట్ టూల్ పక్కన ఇంకో పుణ్యం అవుతుంది. ఫాంట్ టూల్ మీద నాకు కోపమేమీ లేదు, మొన్న కూడా ఎవరో పంపిన పాత ఫైల్లో ఒక ఒత్తు తేడాగా వస్తోందంటే సరిచేశాను. దాన్నుంచి డబ్బు రావాలని ఎదురుచూడటం మానేశాను, అంతే.

ప్రస్తుతం చేతిలో ఉన్న పని వేరే. గుడిపాల వైపు నుంచి ఒక కేంద్రం ఆయన అడిగాడు. సరిహద్దు ఊరు, పాలు పోసేవాళ్లలో సగం మందికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదివేది తమిళం. మనిషికో భాష పెట్టుకునేలా నంబరు పక్కన ఒక గుర్తు చేర్చాను. తమిళంలో మనలాగా కింద ఒత్తులు వేలాడవు కాబట్టి వరస ఎత్తు తగ్గించొచ్చు, ఒక్కో స్లిప్‌కు కాగితం కొంచెం మిగులుతుంది. మాటలు సరిచూడటానికి చిత్తూరులో ఉండే మా తోడికోడలు ఒప్పుకుంది, వాళ్లమ్మగారిది కాట్పాడి. దాణా, అడ్వాన్సు బాకీలకు అక్కడి కేంద్రాల్లో ఏమంటారో కనుక్కుని చెబుతానంది. వచ్చే బిల్లుకల్లా ఇస్తానని ఆయనకు మాటిచ్చాను.